నూట పదకొండు కోట్ల పలకరింపు

బుధవారం ఉదయం రోసెండో సెలి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్ళాలి, కొండమీది ఏడు థర్మామీటర్ల అంకెలు కంప్యూటర్‌లో ఎక్కించాలి, పదింటికి బయటపడి క్షవరం చేయించుకోవాలి. జుట్టు చెవులమీదికి దిగి నెలయింది. పాలల్లో గుడ్డు కొట్టి కాచిన చాంగువా తాగి, ఉన్ని రువానా తలమీంచి తగిలించుకుని, ఎదురైన పద్నాలుగు మందినీ పలకరిస్తూ ఐదు నిమిషాల దారిని అరగంటలో నడిచి ఆఫీసు చేరాడు.

సోతాగువాలో అంతే. ఎదురుపడ్డ మనిషిని "తమరు ఎలా నిద్ర లేచారు?" అని అడగాలి. చెప్పింది నిలబడి వినాలి. వాళ్ళు తిరిగి అడిగితే తనదీ చెప్పాలి. ఇల్లయినా, కొట్టయినా, బస్సయినా లోపలున్నవాళ్ళని పలకరించకుండా గుమ్మం దాటిన మనిషి ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. కుక్కని అదిలించాలన్నా "తమరు కాస్త అవతలికి జరగండి" అంటారు. కుక్కలు జరగవు గాని, నొచ్చుకోవు కూడా.

మంచు హెచ్చరిక కార్యాలయం అంటే రెండు గదులు, ఇద్దరు మనుషులు, ఒక కంప్యూటర్. ఆఫీసు పెద్ద దోన్యా ఎర్మెన్సియా, అంటే ఎర్మెన్సియా అమ్మగారు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీలో ఉంది. రాత్రికి గడ్డమంచు పడుతుందని ఆవిడ రేడియోలో చెబితే చుట్టుపక్కల బంగాళాదుంపల రైతులందరూ చేలల్లో పొగ పెట్టడానికి పరిగెత్తుతారు. ఆవిడ చెప్పకపోతే, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా కాళ్ళు చాపుకుని పడుకుంటారు. రాజధాని నుంచి వచ్చే హెచ్చరికల్ని మాత్రం ఎవరూ నమ్మరు, అక్కడివాళ్ళకి దుంప చెట్టుకి కాస్తుందో భూమిలో పండుతుందో తెలీదని ఊరి గట్టి నమ్మకం.

రెండో మనిషి రోసెండో. తొమ్మిదేళ్ళ కిందట ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికి పంపేసినప్పుడు అతనికి నలభై మూడేళ్ళు. ఆ వయసులో ఎవరూ పనిలో పెట్టుకోలేదు. దోన్యా ఎర్మెన్సియా పిలిచి థర్మామీటర్ చదవడం నేర్పింది. తరవాత మెడపట్టి గెంటినంత పని చేసి కంప్యూటర్ తరగతులకు పంపింది. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే, కూతురు చదువుకుంటోందంటే అది ఆవిడ చలవేనని రోసెండోకి రోజూ గుర్తొస్తుంది. కాని ఆ ఒక్క మాట నోటితో చెప్పబోతే సంభాషణ థర్మామీటర్ల మీదికి మళ్ళిపోయేది. ఇన్నేళ్ళలో ఆవిడకి వెయ్యిసార్లు శుభోదయం చెప్పాడు, ఒక్కసారీ కృతజ్ఞత చెప్పలేదు.

ముందురోజు, మంగళవారం, ఆ అవకాశం వచ్చింది. కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని ఆవిడ నిట్టూర్చింది. బొమ్మలూ బటన్లూ లేని రకం అది, నల్లటి తెరమీద ఆజ్ఞ టైపు చేస్తే తెల్లటి అక్షరాల్లో జవాబిస్తుంది. "నేనొచ్చి కూర్చున్నా దీనికి పట్టదు రోసెండో," అంది. "పాత తలుపు నయం, కనీసం కిర్రుమనేది."

రోసెండో చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ కంప్యూటర్‌లోకి ఎవరు ప్రవేశించినా, అది ముందుగా తన సొంత చిన్న ఫైలొకటి చదువుకుంటుందని తరగతుల్లో చెప్పారు. పేరు చుక్కతో మొదలవుతుంది కనక మామూలు జాబితాలో అది కంటికి కనబడదు. రాగానే చెయ్యవలసిన పనులేవైనా అందులో రాసిపెడితే, ముందు అవి చేసి, అప్పుడు లోపలికి దారి ఇస్తుంది. దోన్యా ఇంటికి వెళ్ళగానే రోసెండో ఆ ఫైలు తెరిచి ఒక్క వాక్యం రాశాడు. ఈ బుధవారం పొద్దున్న ఆవిడ కూర్చోగానే తెరమీద కనబడింది: "శుభోదయం దోన్యా ఎర్మెన్సియా. తమరు ఉన్నందుకు ఈ ఆఫీసు తమకు రుణపడి ఉంది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "మంచి మిషన్," అంది. రోసెండో గోడవైపు తిరిగి థర్మామీటర్ల పుస్తకం వెతుకుతున్నట్టు నటించాడు. ఇంత తేలిగ్గా పని అవుతుందని తెలిస్తే ఎప్పుడో చేసేవాణ్ణి కదా అనుకున్నాడు.

తొమ్మిదింపావుకి ఫోన్ మోగింది.

రోజూ తొమ్మిదింటికి రాజధానిలోని పెద్ద కంప్యూటర్ తనంతట తానే లైనుమీద వచ్చి, సోతాగువా కంప్యూటర్‌లోకి ప్రవేశించి, ఏడు అంకెలున్న ఫైలు పట్టుకుపోతుంది. ఈ ఏడాది కొత్త నిబంధన ఒకటి పెట్టారు. వరసగా మూడు రోజులు మధ్యాహ్నం పన్నెండులోగా అంకెలు అందకపోతే ఆ కార్యాలయాన్ని మూసి, పనిని రాజధానిలో కలిపేస్తారు. ఇప్పటికే రెండు కార్యాలయాలకు తాళాలు పడ్డాయి. ఆ తాళాలు వేయించినవాడే ఇప్పుడు ఫోన్ చేస్తున్నవాడు, డాక్టర్ ఉమాన్యా. వైద్యం రాదు. రాజధానిలో టై కట్టుకుని కూర్చున్న ప్రతివాడూ డాక్టరే.

"మీ ఫైలు రాలేదు," అన్నాడాయన. "సందేశం మరీ పొడుగ్గా ఉందంటోంది మా మిషన్."

"తమరు ఎలా నిద్ర లేచారు డాక్టర్? ఎంత పొడుగంటోందండీ?"

"నూట పదకొండు కోట్ల నలభై తొమ్మిది లక్షల ఎనభై తొమ్మిది వేల తొమ్మిది వందల ముప్ఫై నాలుగు."

రోసెండో తెరమీద ఉన్న ఏడు అంకెల వైపు చూశాడు. రెండు, ఒకటి, సున్నా, మైనస్ ఒకటి. మిగతావీ ఆ మాత్రమే.

"ఏం పంపిస్తున్నారయ్యా మీరు, సినిమాలా? నిన్నటి నుంచి ఇవాళ్టికి ఆ కంప్యూటర్‌లో ఏం మార్చారు?"

రోసెండో నిజాయితీగా ఆలోచించాడు. తీగలు మార్చలేదు. ఫైలు పేరు మార్చలేదు. థర్మామీటర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. "ఏమీ మార్చలేదండీ డాక్టర్," అన్నాడు. అది అబద్ధం కాదు. ఒక మనిషికి శుభోదయం చెప్పడం మార్పు కిందికి వస్తుందని సోతాగువాలో ఎవరికీ తోచదు.

అక్కణ్ణుంచి పని మొదలైంది. ఫైలు పొడుగంటోంది కనక రోసెండో దాన్ని సగానికి కత్తిరించాడు. రాజధాని మిషన్ మళ్ళీ వచ్చి, అదే నూట పదకొండు కోట్లు చెప్పి వెళ్ళిపోయింది. ఒక్క అంకె ఉంచాడు. అవే కోట్లు. చివరికి ఖాళీ ఫైలు పెట్టాడు. ఒక్క అంకె తగ్గలేదు. శూన్యం కూడా పొడుగైపోయిన చోట ఇంకేం కత్తిరించాలో అతనికి పాలుపోలేదు. పదిసార్లు తనే కంప్యూటర్‌లోకి ప్రవేశించి చూశాడు. పదిసార్లూ అది నవ్వుముఖంతో పలకరించి, చక్కగా తలుపు తీసింది. మనుషులకి బాగానే ఉంది, మిషన్ వస్తేనే జబ్బు. పన్నెండు కొట్టింది. ఒక రోజు పోయింది.

దీనికి తోడు రేడియో అబెలార్దో వచ్చాడు. ఊరి రేడియోలో వార్తలు చదివేదీ, పాటలు వేసేదీ, మైకు బాగుచేసేదీ అతనే. రోజూ కాఫీ తాగి అంకెలు రాసుకుపోయే మనిషి, ఆ వేళ సగం మాట విని, మిగతా సగం తనే కల్పించుకుని, ఒంటిగంట వార్తల్లో చదివేశాడు: "సోతాగువా వాళ్ళ సందేశాలు మరీ పొడుగ్గా ఉంటున్నాయని రాజధాని ఆక్షేపించింది." కిందటి నెలే రైతులందరూ కలిసి సాగునీటి కోసం తొమ్మిది పేజీల అర్జీ పెట్టుకున్నారు. ఇంకేముంది, దాని గురించే అనుకున్నారు. మన మాటలు పొడుగై మన ఆఫీసు మూతపడుతోందని ఊరంతా కుమిలిపోయి, ఇకమీదట క్లుప్తంగా మాట్లాడాలని తీర్మానించుకుంది.

గురువారం సంతలో ఆ తీర్మానం అమలైంది. ఇరవై ఏళ్ళుగా పక్కపక్కన దుంపల బస్తాలు దించుకుంటున్న ఇద్దరు వియ్యంకుల్లో ఒకాయన "ఏం" అని మాత్రం అన్నాడట. రెండో ఆయన, నేనేం పాపం చేశానని ఇంత పొడిగా మాట్లాడావని నిలదీశాడు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో పదకొండు స్నేహాలు చెడ్డాయి. రోసెండోకి ఇవేవీ తెలియవు. అతని తప్పు అప్పటికే రెండో మెట్టు ఎక్కింది.

ఎందుకంటే బుధవారం సాయంత్రం దోన్యా అతని పక్కన కూర్చుని, ఒక్క మాట కూడా దెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కుర్చీ పోబోతోందని తెలిసి కూడా, అతని ముందు వేడి పానకం గ్లాసు పెట్టి, తాగమంది. తరవాత మెల్లిగా అంది:

"ఇది పలకరిస్తోంది బాగానే ఉంది గాని, జవాబు వినడం లేదు. బస్సు కండక్టర్ అరిచినట్టు అనేసి వెళ్ళిపోతోంది. మనుషులు అలా చెయ్యరు."

ఆ రోజు రోసెండో చేతిలో సరిగ్గా కాగల పని అదొక్కటే. అందుకని ఎంతో ఇష్టంగా చేశాడు. ఆ చుక్క ఫైలులో పలకరింపుకి కలిపి ఇంకో వాక్యం చేర్చాడు: "తమరు ఎలా నిద్ర లేచారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఏ జవాబు వచ్చినా "అలాగా, సంతోషం. లోపలికి దయచేయండి," అని దారి ఇవ్వాలి. దోన్యా ఎర్మెన్సియా తన మోకాలి నొప్పి సంగతి దానికి నాలుగు పంక్తుల్లో చెప్పుకుంది. అది సంతోషించింది.

గురువారం తొమ్మిదింపావుకి ఫోన్ మోగలేదు. తొమ్మిదిన్నరకీ మోగలేదు. రోసెండోకి ప్రాణం లేచివచ్చింది. తనే ఫోన్ చేసి, కోట్లు తగ్గాయా డాక్టర్ అని అడిగాడు.

"కోట్లు పోయాయి," అన్నాడు డాక్టర్ ఉమాన్యా. "ఇప్పుడు అసలేం చెప్పడం లేదు. మా మిషన్ వెళ్ళింది, నిలబడింది. లోపలికీ పోదు, వెనక్కీ రాదు."

"ఎందుకు నిలబడిందండీ?"

"అది మీరు చెప్పాలి."

లైనులోనే లోపముందని అబెలార్దో తేల్చాడు. తేల్చడమే కాదు, పక్కింటి నిచ్చెన తెచ్చి ఆఫీసు కప్పెక్కాడు. పెంకుల మధ్య ఒక నల్లతీగ అనుమానంగా కనబడిందట, దాన్ని పట్టుకుని లాగాడు. కంప్యూటర్‌ది వేరే తీగ కనక బతికింది గాని, ఆ వీధి వీధంతా ఫోన్లు చచ్చిపోయాయి. పదకొండింటికి డాక్టర్ ఉమాన్యా తిరిగి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. పదకొండున్నరకీ లేదు. పన్నెండింటికి ఆయన, సోతాగువా వాళ్ళు ఆఫీసు వదిలేసి పారిపోయారని నిర్ధారించుకుని, మూసివేత కాగితం టైపు చేయించి, దాన్ని స్వయంగా ఇచ్చి రావడానికి కారు చెప్పాడు.

ఆ సాయంత్రం రోసెండో ఇంటికి వెళ్ళలేక ఆఫీసు మెట్లమీద కూర్చున్నాడు. తన ఉద్యోగం సంగతి పక్కన పెట్టాడు. తనని నిలబెట్టిన మనిషిని తన చేతులతోనే ఇంటికి పంపిస్తున్నాడు. దీనికంటే ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజే ఆవిడ తనని పిలవకుండా ఉంటే బాగుండేదనిపించింది. దోన్యా తాళం వేసి వచ్చి, "రేపు మంచు పడదు. హాయిగా పడుకోండి," అని చెప్పి వెళ్ళింది.

శుక్రవారం పదకొండింటికి డాక్టర్ ఉమాన్యా వచ్చాడు. గుమ్మం దాటి, ఎవర్నీ పలకరించకుండా నేరుగా గది మధ్యకి వచ్చి నిలబడ్డాడు. అలాంటిది ఆ గది ఎన్నడూ చూడలేదు. అబెలార్దో అయితే నోరు తెరిచినవాడు మూయలేదు. దోన్యా మాత్రం ఆయన ఎలా నిద్ర లేచారో అడిగి, ప్రయాణం ఎలా సాగిందో అడిగి, చేతికి పానకం గ్లాసు ఇచ్చి, వేడివేడి అల్మోహబానా రొట్టె పళ్ళెంలో పెట్టింది. ఆయన కాగితం ఇవ్వడానికి చెయ్యి ఖాళీ లేక దాన్ని బల్లమీద పెట్టాడు.

"మూసేముందు ఒకసారి నేను చూడాలి," అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ప్రవేశించగానే తెరమీద అక్షరాలు నడిచాయి. శుభోదయం దోన్యా ఎర్మెన్సియా. తమరు ఉన్నందుకు ఈ ఆఫీసు తమకు రుణపడి ఉంది. తమరు ఎలా నిద్ర లేచారు?

డాక్టర్ దాన్ని పట్టించుకోకుండా ఏదో ఆజ్ఞ టైపు చేశాడు. అలాగా, సంతోషం, లోపలికి దయచేయండి అంది కంప్యూటర్. ఆయన బయటికి వచ్చి మళ్ళీ ప్రవేశించాడు. మళ్ళీ అదే మర్యాద.

"ఇది నన్ను దోన్యా ఎర్మెన్సియా అంటోందేమిటి?"

"తమర్నే కాదండీ," అన్నాడు రోసెండో సిగ్గుపడుతూ. "ఆ గుమ్మంలోకి ఎవరొచ్చినా దానికి దోన్యా ఎర్మెన్సియానే. ఎవరొచ్చినా..."

మాట మధ్యలో ఆగిపోయింది. తను అన్న మాట తనకే వినబడింది. ఎవరొచ్చినా. రోజూ తొమ్మిదింటికి ఆ గుమ్మంలోకే ఇంకెవరొస్తున్నారు?

రాజధాని మిషన్. బుధవారం అది ఏడు అంకెల కోసం వస్తే ఇక్కడ శుభోదయం వినబడింది. మిషన్లకి శుభోదయం తెలియదు. ముందుగా ఫైలు పొడుగెంతో చెబుతారని ఎదురు చూసే మిషన్ అది. మిషన్‌కి లోపల అక్షరాలు కూడా అంకెలే కనక, ఆ పలకరింపులో మొదటి నాలుగు అక్షరాలనే ఫైలు పొడుగు అనుకుని చదువుకుంది. అవే నూట పదకొండు కోట్లు. గురువారం శుభోదయం కూడా ప్రశ్నలో కలిసిపోయి, అంకె అనుకోవడానికి ఏమీ మిగలలేదు. దాన్ని ఎలా నిద్ర లేచావని అడిగారు. అది నిద్రపోదు, లేవదు. ఏం చెప్పాలో తెలియక, పాపం, పగలంతా గుమ్మంలో నిలబడిపోయింది.

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. రోసెండో ఉన్నదున్నట్టు డాక్టర్‌కి చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ దోన్యా వైపు చూడలేకపోయాడు.

"అయితే ఇంకా చూస్తారేం? ఆ వాక్యాలు చెరిపెయ్యండి," అన్నాడు డాక్టర్.

రోసెండో చుక్క ఫైలు తెరిచాడు. చెరపడానికి వేలు పెట్టాడు. వేలు కదల్లేదు. మూడు పొద్దులుగా ఆవిడ ఆ తెర ముందు కూర్చునేముందు కొంగు సర్దుకున్నట్టు రువానా సర్దుకోవడం అతను చూశాడు. ఇరవై నిమిషాల్లో ఆఫీసు పోయేలా ఉంది, అయినా ఆ మాట చెరపడానికి చెయ్యి రావడం లేదు. అప్పుడు తరగతుల్లో ఎప్పుడో విన్నది గుర్తొచ్చింది. ఫైలులో అన్నిటికంటే పైన కొత్తగా ఒక్క పంక్తి చేర్చాడు. వచ్చినది మనిషి కాకపోతే ఇక్కడితో ఆగు, కింద ఉన్నవేవీ చెయ్యకు.

వీధిలో ఫోన్లు లేవు కనక డాక్టర్ తన సెల్‌ఫోన్‌లో రాజధానికి చెప్పాడు. అక్కడి మిషన్ బయలుదేరింది. పదకొండూ యాభై మూడుకి ఏడు అంకెలూ అందాయని కబురొచ్చింది. అబెలార్దో ఆనందంతో కప్పెక్కి తీగ తిరిగి తగిలించి వస్తానన్నాడు. ముగ్గురూ కలిసి ఆపారు.

"తప్పు నాదే దోన్యా," అన్నాడు రోసెండో. ఈసారి మాట థర్మామీటర్ల మీదికి మళ్ళలేదు. "తొమ్మిదేళ్ళ నుంచి తమరికి చెప్పాల్సిన మాట నోటితో చెప్పలేక మిషన్‌తో చెప్పించాను. కొంప మునగబోయింది."

"మిషన్ మూడు రోజులు చెప్పింది," అందావిడ. "తమరు ఒక్కసారి చెప్పండి."

చెప్పాడు. ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర్నుంచి కూతురి చదువుదాకా, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. చాలాసేపే పట్టింది. ఆవిడ మధ్యలో ఆపకుండా అంతా విని, అద్దాలు తుడుచుకుని, "ఇప్పుడు అది నన్ను ఇక పలకరించదా?" అని అడిగింది. మనిషైతే పలకరిస్తుంది, మిషనైతే ఊరుకుంటుందని చెప్పాడు. "ఎవరు మనిషో పోల్చుకుంటోందన్నమాట," అని ఆవిడ తృప్తిపడింది.

డాక్టర్ ఉమాన్యా వెళ్ళడానికి లేవలేదు. మూసివేత కాగితాన్ని పళ్ళెం కింద వేసుకుని రెండో రొట్టె తిన్నాడు. కాసేపటికి, తన అంతస్తులో అరవై రెండు మంది పని చేస్తారని, పదేళ్ళలో ఎలా నిద్ర లేచావని తనని అడిగిన మొదటి ప్రాణి ఈ కంప్యూటరేనని చెప్పాడు. అందులో రాసింది తనకూ కావాలన్నాడు. రోసెండో ఆ కాగితం వెనకవైపే మొత్తం రాసి, పై పంక్తి కింద రెండు గీతలు గీసి ఇచ్చాడు. గుమ్మంలో డాక్టర్ ఆగి, వెనక్కి తిరిగి, ముగ్గురి దగ్గరా పేరుపేరునా సెలవు తీసుకున్నాడు. తప్పు పొడుగు మాటలది కాదని తెలిసి, ఊళ్ళో స్నేహాలు ఆదివారం పూజ అయ్యేలోగా అతుక్కున్నాయి.

సోమవారం ఏడు అంకెలూ తొమ్మిదింటికి సజావుగా వెళ్ళాయి. పదింటికి రోసెండో ఎట్టకేలకు మంగలి కుర్చీలో కూర్చున్నాడు. సగం తల అయ్యేసరికి అబెలార్దో సెల్‌ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రాజధాని నుంచి డాక్టర్ ఉమాన్యా. మిగిలిన నలభై ఒక్క కార్యాలయాల నుంచీ ఒక్క అంకె రాలేదట. మిషన్ ప్రతి గుమ్మంలోనూ వెళ్ళి నిలబడిపోతోందట. దేశం మొత్తమ్మీద అందింది ఒక్క సోతాగువా ఫైలేనట. రోసెండో, దోన్యా వెంటనే వచ్చి అందరికీ నేర్పాలట.

"శుక్రవారం నుంచి ఏమన్నా మార్చారా డాక్టర్?" అని అడిగాడు రోసెండో.

"ఏమీ మార్చలేదండీ," అన్నాడు డాక్టర్. "మీరిచ్చిన పలకరింపే అన్ని కార్యాలయాలకీ పెట్టించాను. పైన ఒక పంక్తి ఉంది చూశారూ, మనిషి కాకపోతే ఆగు అంటూ? అది మర్యాదగా లేదని తీసేశాను."

రోసెండో సగం తలతోనే కుర్చీలో నిటారుగా కూర్చుని, ముందుగా ఆయన ఆ పొద్దున్న ఎలా నిద్ర లేచారో కనుక్కున్నాడు.